చప్పట్లమ్మ చెయ్యి

బెంగళూరులో నడుస్తున్న రియాలిటీ షోను కుర్చీలోంచి లేచి ఆపేసిన మొట్టమొదటి మనిషిని నేనే. అగరలో మా వీధిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. ఎందుకు చెప్పరు, ఇన్నేళ్ళుగా వాళ్ళకు నూరిపోసింది నేనే కదా! జిగణిలో మూతపడిన దారాల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి స్టూడియోగా మారింది. ఆ షెడ్డులో మూడు కెమెరాల ముందు, రెండు వందల మంది జనంలోంచి నేనొక్కణ్ణీ లేచి "నిలపండ్రా!" అన్నాను. దీపాలు ఆరిపోయాయి. యాంకరమ్మ చేతిలో అట్టముక్కలు జారి కింద పడ్డాయి.

సరే. రెండు వందలు కాదు, అరవై మంది. దీపాలు కూడా ఆరలేదు. తక్కినది తర్వాత చెబుతాను. ముందు చప్పట్లమ్మ సంగతి చెప్పాలి. పోయిన నెల ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ మాట ఆమె తరఫు వాళ్ళది. మా వైపైతే ఒక్క ముక్కలో పోయింది అంటాం. కానీ ఆమె విషయంలో వాళ్ళ మాటే నాకు నచ్చింది. ఆమె నిద్రపోగా నేను ఎప్పుడూ చూడలేదు మరి.

టీవీ కార్యక్రమాలకు జనాన్ని తెచ్చి కూర్చోబెట్టడం ఆమె పని. మీరు టీవీలో చూసే చప్పట్లు, నవ్వులు, నోటి మీద చెయ్యి వేసుకుని నివ్వెరపోయే ఆడవాళ్ళు, వీళ్ళంతా ఎక్కడినుంచో నడుచుకుంటూ వచ్చినవాళ్ళు కారు. ఎవరో ఒకరు టెంపోలో ఎక్కించుకుని తెస్తారు. మా వైపు ఆ ఎవరో ఒకరు ఆమె. వర్తూరులో బయలుదేరి, అగరలో నన్నూ నాలాంటి వాళ్ళనూ ఎక్కించుకుని, అప్పటికి రాళ్ళు పాతిన ఖాళీ సైట్లే ఎక్కువగా ఉన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ మీదుగా స్టూడియోకి తోలుకుపోయేది. పేరుతో ఎవరూ పిలవలేదు. అందరికీ ఆమె చప్పట్లమ్మ.

ఎక్కడ పుట్టింది, ఎవరిని చేసుకుంది, ఏ ఆస్పత్రిలో ఎన్నేళ్ళు నర్సుగా చేసి మానుకుంది, ఇవన్నీ ఆమె పోయాక ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు కాగితం చూసి చదివారు. సగం నాకు కొత్తవే. నాకు తెలిసిందల్లా ఆమె కుడి చెయ్యి. ఆదివారం వర్తూరు చర్చిలో పాటల గుంపును నడిపే చెయ్యి అది. మిగతా రోజుల్లో కెమెరా పక్కన నిలబడి మమ్మల్ని నడిపేది. అరచెయ్యి పైకెత్తితే సిద్ధంగా ఉండమని. వేళ్ళు విప్పితే చప్పట్లు. గుప్పిట బిగిస్తే ఆపాలి, టక్కున. చెవి తమ్మె ముట్టుకుంటే నవ్వాలి. కళ్ళద్దాలు సర్దుకుంటే ఏడవాలి. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంటే "ఛీ" అనాలి. చెయ్యి చాచి, దేన్నో కింది నుంచి ఎత్తుతున్నట్టు లేపితే అందరం లేచి నిలబడి కొట్టాలి. అది గెలిచినవాడికి, ఆఖర్న.

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. "కళ్ళు తుడుచుకోకండి అన్నయ్యగారూ" అనేది నాతో. "ఏడుపు రానివాడే కళ్ళు తుడుచుకుంటాడు. నిజంగా ఏడ్చేవాడు ముక్కు తుడుచుకుంటాడు." ఆస్పత్రి వరండాల్లో చూసి నేర్చుకున్న విద్య అనుకుంటాను. ఇంకో పట్టింపు, ఏడుపు గడ్డం దగ్గర మొదలవ్వాలని. ముందు గడ్డం వణకాలి, ఆ తర్వాతే కళ్ళు. ఇంటికొచ్చి అద్దం ముందు సాధన చేసేవాణ్ణి. ఒకరోజు టీవీలో నా గడ్డం వణకడం చూసి మా ఆవిడ అంది, "మీ అమ్మ పోయిన దినం కూడా ఇట్ల ఏడవలేదే నువ్వు! ఎవురో పిల్ల పాట పాడితే ఇంత ఏడుపా?"

ఆవిడకు తెలియనిదేమిటంటే ఆ పిల్ల పాట నేను వినలేదు. ఈ గుట్టు బయట చాలామందికి తెలియదు. షో మొదలు కాకముందే జనం మొహాలు తీసేసుకుంటారు. పొద్దున్నయితే మొహాలు తేటగా ఉంటాయి, మధ్యాహ్నం చిత్రాన్నం పొట్లాలు తిన్నాక జోగుతుంటాయి. అందుకని పొద్దున్నే ఖాళీ వేదికను చూస్తూ ఒక వాయి నవ్వు, ఒక వాయి ఆశ్చర్యం, ఒక వాయి ఏడుపు తీసి పెట్టుకుంటారు. ఎడిటింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ అతికిస్తారు. నా ఏడుపు ఒకటి ఓడిపోయిన పిల్లకు వేశారు. మరుసటి వారం అదే ఏడుపు, అదే చొక్కా, గెలిచిన పిల్లవాడికి వేశారు. రెండుచోట్లా బాగానే అతికింది.

చప్పట్లమ్మ షోలను పేర్లతో గుర్తుపెట్టుకునేది కాదు. జనం చేయవలసిన పనిని బట్టి పిలిచేది. టీవీలో మనలాంటి వాళ్ళు కనిపించడమే గొప్పయిన తొంభైల్లో అన్నీ చప్పట్ల షోలే. క్విజ్జులు, అంత్యాక్షరీలు, గబగబా చీర కుచ్చిళ్ళు పెట్టే ఆడవాళ్ళ ఆటలు. ఓడినవాడు కూడా నవ్వుతూ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని పోయేవాడు. తర్వాత పిల్లల పాటల పోటీలు వచ్చాయి. మొదట్లో పిల్ల పాడేది, మేం కొట్టేవాళ్ళం. రానురాను పాట తగ్గి, పిల్ల ఇంటి కష్టం పెరిగింది. వాళ్ళ నాన్న ఆటో, వాళ్ళమ్మ జబ్బు, గోడ మీద తడి. అవి ఏడుపు షోలు. ఆ తర్వాత కొత్త శతాబ్దంలో, నేను పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను రిటైర్మెంటుకు ముందే ఇంటికి పంపించి నాకు కావలసినంత తీరిక దొరికిన కాలంలో, ఛీ షోలు వచ్చాయి. మొగుడూ పెళ్ళాం వేదిక మీద ఎదురెదురుగా కూర్చుని కొట్టుకోవడం, మధ్యలో యాంకరమ్మ, పక్కన తీర్పు చెప్పే పెద్దమనిషి ఒకాయన.

ఒకసారి టెంపోలో పక్కనే కూర్చుని అడిగాను. "ఏమమ్మా, అందరూ రియాలిటీ, రియాలిటీ అంటా ఉండారు. అంటే ఏంది?"

"తేలికేనండి. క్విజ్‌లో ఓడిపోయినాయన బస్సెక్కగానే మర్చిపోతాడా, లేదా?"

"మర్చిపోతాడు."

"మర్చిపోకుండా అది ఇంటిదాకా వెంట వచ్చిందనుకోండి, అదే రియాలిటీ షో. తీసేవాళ్ళకి లైట్లు ఆర్పితే అయిపోద్ది. వచ్చినాయనకి అవ్వదు."

"నాటకమాడినోళ్ళకు?"

"చీర మార్చుకుంటే అయిపోద్ది."

"అయితే మనమేంది మరి? మనది నిజమా, నాటకమా?"

"మనం సాంబారులో ములక్కాడలమండి. రుచికి వేసుకుంటారు, నమిలి పక్కన పెడతారు" అంది. టెంపో టెంపో అంతా నవ్వింది. చెవి తమ్మె ముట్టుకోకుండానే.

ఆమెకు ఒక నియమం ఉండేది. "జనాన్ని తెస్తానండి, కష్టాన్ని తేను" అని ప్రొడ్యూసరుతో మొదటే చెప్పింది. కాబట్టి ఛీ షోకు మొగుడూ పెళ్ళాలను మాలోంచే తయారుచేసింది. చర్చిలో హార్మోనియం వాయించే ఆయన అనుమానపు మొగుడు, టైలరు భార్య అతని పెళ్ళాం. సాయంత్రానికి చీర మార్చుకుని ఎవరిళ్ళకు వాళ్ళు. తాగుబోతు మొగుడి వేషం నాకు పడింది. నేనెంత బాగా చేశానంటే, ఆ వారం మడివాళ సంతలో కొత్తిమీర అమ్మే ఆమె నన్ను గుర్తుపట్టి "పెళ్ళాన్ని కొట్టే నీకు కొత్తిమీర ఒకటి తక్కువయిందా? పో" అని తరిమింది.

ఈ కొత్తిమీర కథ ఎంతోమందికి చెప్పాను గనక ఇక్కడే ఒప్పుకుంటాను. టీవీలో నా మొహానికి గళ్ళ ముసుగు వేశారు. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కొత్తిమీర ఆమె తరిమింది నిజమే. కట్ట కట్టా విప్పి వాసన చూస్తున్నందుకు.

ఇక రత్నమ్మ. బాగేపల్లి వైపు పిల్ల. జిగణిలో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. వారపు సెలవు రోజున మా టెంపో ఎక్కేది. చప్పట్లు కొట్టడంలో దానికి సాటి లేదు, మిషన్ మీద పనిచేసే చేతులు మరి. దానికి ఆరేళ్ళ కూతురు. మొగుడు ఒకరోజు ఆ పిల్లను బడి దగ్గర్నుంచే ఎత్తుకుని బాగేపల్లి అవతల వాళ్ళమ్మ ఉన్న ఊరికి తీసుకుపోయాడు. రత్నమ్మ పోతే వాకిలి తీయలేదు.

"అక్కా, నన్ను ఆ షోలో కూచోబెట్టు" అని చప్పట్లమ్మను పట్టుకుంది. "అందరి ముందర బిడ్డను అడుగుతా. సిగ్గుకన్నా ఇస్తాడు కదా."

"వద్దే తల్లీ. సిగ్గున్నవాడు పిల్లని ఎత్తుకుపోడు."

"నువ్వు యాడైనా తెచ్చిస్తావా నా బిడ్డను? తేలేవు కదా. మరి నన్ను పోనీ."

చప్పట్లమ్మ ఒప్పుకోలేదు. రత్నమ్మ ఊరుకోలేదు. నేరుగా ప్రొడ్యూసరు దగ్గరికి వెళ్ళింది. ఆయనకు కావలసిందే అది. హార్మోనియం మొగుళ్ళను చూసి చూసి జనం పసిగట్టేశారట, నిజమైన వాళ్ళు కావాలట. కారు పంపి మొగుణ్ణి కూడా రప్పించాడు.

ఆ రోజు పొద్దున ప్రొడ్యూసరు చప్పట్లమ్మను పిలిచి "ఛీ బాగా గట్టిగా కావాలమ్మా ఇవాళ" అన్నాడు. అది మొగుడికని ఆమె అనుకుంది. మేమూ అనుకున్నాం. మా ముందు నిలబడి "తల్లి దగ్గర్నుంచి బిడ్డని లాక్కుపోయినవాడు ఎదురుగా ఉన్నాడనుకోండి" అంది, నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. అరవై మొహాలు ఒక్కసారి ఛీ అన్నాయి. అన్నేళ్ళలో మేం ఇచ్చిన ఛీలలో అంత మంచిది ఇంకోటి లేదు. కెమెరా పట్టుకున్నాయన కూడా భలే అన్నాడు.

భోజనాలయ్యాక అసలు షో మొదలైంది. రత్నమ్మ జాకెట్టుకు కొత్త కుట్టు, జడలో కనకాంబరాలు. మొగుడు ఇస్త్రీ చొక్కాలో పెళ్ళికొచ్చినట్టు కూర్చున్నాడు. రత్నమ్మ బిడ్డను అడిగింది, చేతులు జోడించే అడిగింది. యాంకరమ్మ అట్టముక్క తిప్పింది.

"ఓవర్‌టైమ్ అని చెప్పి పొద్దుపోయాక ఇంటికి వస్తావట. అంతసేపూ ఎవరితో ఉంటావు?" అని కన్నడంలో అడిగింది.

మొగుడు తల ఊపుతూ "అదే నేనూ అడిగేది" అన్నాడు.

రత్నమ్మ జోడించిన చేతులు దించేసింది. యాంకరమ్మ కావాలనే ఆగింది. నేను వేదికను కాదు, చప్పట్లమ్మను చూస్తున్నాను, అలవాటు కొద్దీ. ఆమె కెమెరా దగ్గర్నుంచి కదిలి మానిటరు వెనక ఉన్న ప్రొడ్యూసరు దగ్గరికి వెళ్ళింది.

"పొద్దున తీసినవి ఎక్కడ వేస్తారండి?"

"ఇక్కడేనమ్మా, దీనికే కదా తీసింది!" అన్నాడు ఆయన, సంతోషంగా.

ఆ మాట మొదటి వరసల దాకా వినబడింది. ఆమె అక్కడే నిలబడిపోయింది. తన చేత్తో పలికించిన ఛీ అది. ఇప్పుడది రత్నమ్మ మీద పడుతుంది. వారం తిరిగేసరికి బాగేపల్లిలో, జిగణిలో, రత్నమ్మ ఉండే వరసిళ్ళలో అందరూ చూస్తారు, అరవై మంది ఆ పిల్లను చూసి ఛీ అనడం. టేపు డబ్బాలోకి వెళ్ళిపోయింది, వెనక్కి రాదు.

ఆమె తిరిగి మా ముందుకొచ్చింది. వీపు కెమెరాల వైపు, మొహం మా వైపు. చెయ్యి చాచి కింది నుంచి పైకెత్తింది. లేవమని. అప్పుడే నేను లేచాను. అందరూ లేచారు. ఆమె వేదిక ఎక్కుతూ వెనక్కి చూడకుండా చేత్తోనే పిలిచింది. మా ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళి రత్నమ్మ కుర్చీకి అటూ ఇటూ, వెనకా నిలబడ్డారు. ఎవరో దాని భుజం మీద చెయ్యి వేశారు.

"కట్! కట్! ఏంటమ్మా ఇది, కంటిన్యుటీ పోయింది!" ప్రొడ్యూసరు పరుగెత్తుకొచ్చాడు.

"పోవాలనేనండి" అంది చప్పట్లమ్మ. "ఛీ అన్న మొహాలు ఇప్పుడు ఈ పిల్ల పక్కనున్నాయి. అతికించుకోండి, చూద్దాం."

"వీళ్ళని దింపేసి మళ్ళీ తీస్తాం."

"తీయండి. మేం ఇక్కడే నిలబడతాం."

గంటసేపు గలాటా జరిగింది. వాళ్ళు వేదిక దిగలేదు. ఆ భాగం టీవీలో రాలేదు. చప్పట్లమ్మను ఆ ఛానల్ మళ్ళీ పిలవలేదు. మిగతావాళ్ళు కూడా మెల్లగా మానేశారు. అప్పటికి ఎలాగూ షోలు మారిపోతున్నాయి. మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి తలుపులేసి చూసే రకం వచ్చింది, అందులో చప్పట్లకు పనేముంది! ఆమె వర్తూరులో పాటల గుంపుతో ఉండిపోయింది. నేనేమో ఇంటికొచ్చి, ఆ రోజు నుంచి ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను.

చెబుతూ చెబుతూ అది కొంచెం పెరిగింది. "నిలపండ్రా" అని నేను అనలేదు. మనసులో అన్నాను. మొదట లేచింది నేనేనా అంటే, మూడో నాలుగో మనిషిని అయ్యుంటాను. రెండో వరస చివరి కుర్చీ నాది, వెనక ఎవరు ముందు లేచారో నాకెలా తెలుస్తుంది?

ఆదరణ కూడికలో పాస్టరుగారు చదవడం ముగించి "అమ్మగారి గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు. ఎవరూ కదలకపోతే నేను లేచాను. అక్కడ తగ్గించి చెబితే ఆమెకు మర్యాద కాదని పూర్తిగా చెప్పాను. నేను లేవడం, నన్ను చూసి ఆమె చెయ్యి ఎత్తడం, రత్నమ్మ మొగుడు సిగ్గుతో తల వంచుకోవడం, వారం తిరక్కముందే బిడ్డను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టడం. ఎవరో స్తోత్రం అన్నారు. నా గడ్డం వణికింది, ఈసారి దానంతట అదే.

వెనక చాపల మీద నుంచి ఒక ఆడమనిషి లేచింది. పక్కన రెండు జడల పిల్ల, పద్నాలుగేళ్ళుంటాయి. రత్నమ్మను గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

"ఏమప్పా, నువ్వు మొదుట లేసినావా? అందరూ లేసినంక లేసినావు నువ్వు. లేసి ఏం చేసినావో అది చెప్పు. చప్పట్లు కొట్టినావు. గెలిచినోళ్ళకు కొట్టే మాదిరి. నా మొగుడు అది వానికే అనుకోని లేసి మొక్కినాడు."

ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"వారానికే బిడ్డ వచ్చిందని నీకెవురు చెప్పిరి? ఏడాదిన్నర పట్టింది. ఆ షో వేసింటే వచ్చేదేమో, ఈయక్క చెడిపింది అని నేను మాట్లాడడమే ఇడిసిపెడితి. నేను మాట్లాడకపోయినా, నా సెలవు దినం వస్తే పొద్దున్నే బాగేపల్లి బస్సుకాడ నిలబడి ఉండేది అక్క. ఆ ఊర్లో మా అత్త వాకిట్లో పోయి కూచునేది. వాళ్ళు తిట్టేది, కసువు కలిసిన మురికినీళ్ళు పోసేది. అక్క ఏమీ అనేది లేదు. సుమ్నే, ఊరికే కూచునేది. పొద్దు వాలితే లేసి నాతో బస్సెక్కేది. మళ్ళా వచ్చే వారం. కడాకు మా అత్తే బేజారైపోయి, ఈ పిల్లను తెచ్చి అక్క పక్కన కూచోబెట్టి వాకిలి ఏసుకునింది."

ఆమె కూతురి వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఆడ కెమెరా లేదు, నువ్వూ లేవు. చూడంది చెప్పొద్దప్పా. కూచో. అయ్యగారు ప్రార్థన చెయ్యాల."